టైమింగ్ మార్కులు వెతకడం, కలపడం: బెల్ట్ మీద చెయ్యి వేసే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా "పన్ను తప్పింది" అన్నారంటే పంటి డాక్టరు గురించి కాదు. టైమింగ్ బెల్ట్, అంటే పిస్టన్లు తిప్పే కింది క్రాంక్ ఇరుసును, వాల్వులు తెరిచే పైన క్యామ్ ఇరుసును కలిపే పళ్ల బెల్ట్, ఒక పన్ను పక్కకు పడిందని. అలాంటి బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు లాగదు, ఐడిల్‌లో వణుకుతుంది, మైలేజీ పడిపోతుంది. ఓనరు ప్లగ్గులు మారుస్తాడు, ఫిల్టర్ మారుస్తాడు, చివరికి పెట్రోల్ బంకును తిడతాడు.

నా చేతిలో కూడా ఒకసారి పన్ను తప్పింది. నేను సొంతంగా బెల్ట్ వేసిన మొదటి బండి ఒక పాత శాంత్రో. మార్కులు (పుల్లీల మీద, ఇంజన్ మీద ఎదురెదురుగా కలవాల్సిన గుర్తులు) కలిశాయనే అనుకున్నాను. కవర్లు బిగించి, ఫ్యాన్ బెల్టులు వేసి, చక్రం ఎక్కించి తాళం తిప్పితే ఇంజన్ జ్వరం వచ్చినట్టు వణికింది. మా మేస్త్రి ఏమీ విప్పలేదు. హెడ్డు కవరు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకుని, "ఒక పన్ను వెనక పడింది, విప్పు" అన్నారు. మే నెల, రేకుల షెడ్డు, మూడు గంటల పని మళ్లీ మొదటి నుంచి. తప్పు ఎక్కడంటే, క్యామ్ పుల్లీ గుర్తును నేను పైనుంచి వంగి ఏటవాలుగా చూశాను. అక్కడి నుంచి చూస్తే కలిసినట్టే ఉంది. ఎదురుగా కూర్చుని చూస్తే లేదు.

బండి మీద కాస్త చెయ్యి తిరిగిన ఓనర్ల కోసం, కొత్తగా షెడ్డులో చేరిన కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడూ పానా పట్టనివాళ్లు చదివి, మెకానిక్కు పక్కన నిలబడి చూస్తే చాలు.

అసలు ఏది దేనితో కలవాలి

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే క్యామ్ పుల్లీకి క్రాంక్ పుల్లీ కంటే రెట్టింపు పళ్లుంటాయి. క్రాంక్‌కి 20 పళ్లు, క్యామ్‌కి 40 ఉన్నాయనుకోండి. బెల్ట్ ఒక పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు పక్కకు పోతుంది, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. వాల్వు తెరుచుకోవాల్సిన సమయం అంత తేడా వస్తే ఇంజన్ ఊపిరి సరిగా తీసుకోలేదు.

రెండు మూడు పళ్లు తప్పితే సంగతి వేరు. చాలా ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కిందికి దిగుతుంది. ఒకటి వెళ్లాక ఇంకొకటి రావాలి. టైమింగ్ చెడితే రెండూ ఒకేసారి అక్కడికి చేరతాయి, వాల్వులు వంగుతాయి. వాల్వులుండే పై భాగం, అదే హెడ్డు, దించాలి. వెయ్యి రూపాయల లెక్కలో ఉన్న పని అక్కడి నుంచి వేలల్లోకి పోతుంది.

ముందు మీ బండికి బెల్టా, చైనా, గేర్లా అనేది ఖాయం చేసుకోండి. బండి పేరు చూసి అనుకోవద్దు. ఆల్టో 800కి బెల్ట్, ఆల్టో కే10కి చైన్. ఐ10లో 1.1 ఇంజన్‌కి బెల్ట్, 1.2 కప్పా ఇంజన్‌కి చైన్. మారుతి 800, పాత జెన్, పాత శాంత్రో బెల్ట్ బళ్లు. స్విఫ్ట్ పెట్రోల్ కే సిరీస్, 1.3 మల్టీజెట్ డీజిల్ చైన్ బళ్లు. పాత ఇండికా డీజిల్లో బెల్ట్ క్యామ్‌తోపాటు డీజిల్ పంపును కూడా తిప్పుతుంది కాబట్టి అక్కడ మూడో గుర్తు కూడా చూడాలి. లారీ ఇంజన్లలో ఎక్కువగా గేర్లే. క్రాంక్ గేరు మీది చుక్క, మధ్యలో ఉండే ఐడ్లర్ గేరు మీది చుక్క, క్యామ్ మీది చుక్క ఒకదానికొకటి ఎదురుపడాలి. నేను ఇక్కడ ప్రధానంగా బెల్ట్ గురించే చెబుతాను, చైన్ గురించి మధ్యలో రెండు మాటలు.

సర్వీసు మాన్యువల్ దొరికితే మీ ఇంజన్ నంబరుకు సరిపోయేదే చూడండి. "అన్నీ ఒకటే" అనే మాట షెడ్డులో రోజుకు పదిసార్లు వినబడుతుంది. నమ్మవద్దు.

గుర్తులు ఎక్కడ దాక్కుంటాయి

అందరూ తికమకపడేది ఇక్కడే. ఒక ఇంజన్ మీద టైమింగ్ గుర్తులు ఒకటి రెండు చోట్ల కాదు, నాలుగైదు చోట్ల ఉండవచ్చు. అన్నీ ఒకే పనికి కావు.

బయట కనబడే పెద్ద క్రాంక్ పుల్లీ అంచున ఒక గాటు ఉంటుంది. దాని ఎదురుగా టైమింగ్ కవరు మీద 0, 10 అంటూ చిన్న స్కేలు ఉండవచ్చు. అది ముఖ్యంగా ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) చూడటానికి. అందులో 0 అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉందని, మిగతా అంకెలు అంతకు ఎన్ని డిగ్రీల ముందో చెబుతాయి. గాటును 10 దగ్గర పెట్టి బెల్ట్ వేసినవాళ్లను చూశాను.

ఆ పుల్లీ తీశాక, కవరు విప్పాక, లోపల బెల్ట్ పట్టే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. బెల్ట్‌కి కావలసిన అసలు క్రాంక్ గుర్తు దాని మీదే. పాత సుజుకీ ఇంజన్లలో ఆ చక్రం మీద ఒక చుక్క, ఎదురుగా ఆయిల్ పంపు కేసు మీద ఒక బాణం. ఆ బాణం అచ్చులో పోత పోసింది కాబట్టి ఆయిల్, దుమ్ము పేరుకుంటే అసలు కనబడదు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే గానీ బయటపడదు.

పైన క్యామ్ పుల్లీ మీద గీతో, చుక్కో, చిన్న కన్నమో ఉంటుంది. దాని జోడీ గుర్తు హెడ్డు మీద గానీ, వెనక రేకు కవరు మీద గానీ, క్యామ్ బేరింగ్ క్యాప్ మీద గానీ ఉంటుంది. పుల్లీ మీద ఒకటి కంటే ఎక్కువ గుర్తులు కనిపిస్తే ఆగండి. ఒకే పుల్లీని రెండు మూడు రకాల ఇంజన్లకు వాడటం మామూలే, ఏ గుర్తు మీదో మాన్యువలే చెప్పాలి. రెండు క్యామ్‌లున్న ఇంజన్లో రెండు పుల్లీల గుర్తులూ హెడ్డు పై అంచుకు సమానంగా ఎదురెదురుగా రావడం చాలా చోట్ల కనిపిస్తుంది, కానీ అదే సూత్రం అనుకోకూడదు.

కొన్ని బళ్లలో గేర్‌బాక్సు వైపు ఫ్లైవీల్ మీద కూడా గుర్తుంటుంది. బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్ మీది కేసు) మీద రబ్బరు మూత తీసి టార్చి వేసి చూడాలి.

గుర్తులే నమ్ముకోని ఇంజన్లు కూడా ఉన్నాయి. డస్టర్, మైక్రా డీజిల్లో వచ్చిన 1.5 డీసీఐ ఇంజన్‌కి క్రాంక్‌ని ఆపడానికి ఒక పిన్ను, క్యామ్‌ని ఆపడానికి ఒక పిన్ను ఉంటాయి. మల్టీజెట్‌కి కూడా లాకింగ్ టూల్స్ కావాలి. ఆ పిన్నులు స్థానం చూపించడానికే. వాటి మీద బలం వేసి క్రాంక్ బోల్టు విప్పితే పిన్ను విరుగుతుంది, లేదా కేసు పగులుతుంది. టూల్స్ లేకుండా "అందాజుగా" ఈ ఇంజన్ల జోలికి పోవద్దు.

విప్పే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. మన ఎండల్లో మధ్యాహ్నం నిలిపిన బండి సాయంత్రానికి కూడా వేడిగానే ఉంటుంది. రాత్రంతా ఆగిన బండి మీద పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. బ్యాటరీ నెగటివ్ తీయండి. వెనక చక్రాలకు దిమ్మలు, హ్యాండ్ బ్రేక్. మారుతి, హ్యుందాయ్ చిన్న బళ్లలో టైమింగ్ వైపు సాధారణంగా కుడి చక్రం దగ్గర. ఆ చక్రం తీసి, బండిని జాకీ మీద కాదు, స్టాండు మీద నిలపండి. టైమింగ్ వైపు ఇంజన్ మౌంటింగ్ తీయాల్సి వస్తే ఆయిల్ ఛాంబరు కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఆనించాలి.

ప్లగ్గులన్నీ తీసేయండి. కంప్రెషన్ అడ్డం లేకపోతే క్రాంక్ వెన్నలా తిరుగుతుంది, ఎక్కడైనా తగిలితే చేతికి వెంటనే తెలుస్తుంది. తీసే ముందు ప్లగ్గుల గుంతల్లో గాలి కొట్టించండి, లేకపోతే ఇసుక సిలిండర్లోకి పోతుంది.

క్రాంక్ బోల్టు చాలా గట్టిగా ఉంటుంది. మాన్యువల్ గేరు బండి అయితే టాప్ గేరులో వేసి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, పొడుగు పైపు వేసి లూజు చేయవచ్చు. పానాను నేలకు ఆనించి సెల్ఫ్ కొట్టి విప్పే పద్ధతి చాలా షెడ్లలో ఉంది. చూడటానికి బాగుంటుంది, ఏ రోజు పానా ఎగిరి మొహానికి తగులుతుందో చెప్పలేం. ఇంకొక సంగతి: కొన్ని ఇంజన్లలో క్రాంక్ చక్రానికి కీ (చక్రం జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) ఉండదు, బోల్టు బిగింపు మీదే నిలబడుతుంది. అలాంటి చోట బోల్టు లూజు చేశారంటే టైమింగ్ పోయినట్టే. ముందే తెలుసుకోండి.

బోల్టు లూజు చేసేటప్పుడు ఇంజన్ కాస్త కదిలి ఉంటుంది కాబట్టి గుర్తులు కలిపే పని ఆ తర్వాతే మొదలుపెట్టాలి. గేరు న్యూట్రల్‌కి తెచ్చారో లేదో చూసుకోండి.

ఒకటో సిలిండర్‌ని అడగండి

గీతలు చూడకముందు పిస్టన్ ఎక్కడుందో మీకు తెలియాలి. పాత బండిలో ఎవరెవరు ఏమేం మార్చారో తెలియదు. పుల్లీ వేరే బండిది కావచ్చు. క్రాంక్ పుల్లీ మధ్యలో రబ్బరు ఉండే రకమైతే, ఆ రబ్బరు వదిలి బయటి రింగు జారి ఉండవచ్చు. అప్పుడు గాటు తప్పుడు లెక్క చెబుతుంది.

ఒకటో సిలిండర్ అంటే సాధారణంగా టైమింగ్ వైపు మొదటిది. దాని ప్లగ్గు కన్నం మీద బొటనవేలు గట్టిగా నొక్కి, ఇంకొకరిని క్రాంక్ తిప్పమనండి. వేరుగా చెప్పిన చోట తప్ప, ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. పుల్లీ ఎదురుగా నిలబడి చూస్తే చాలావరకు గడియారం ముల్లు తిరిగే వైపు. మొదటి తరం హోండా సిటీ మాత్రం ఎదురు దిక్కు. తిప్పడం క్రాంక్ బోల్టుతోనే, క్యామ్ బోల్టుతో కాదు.

వేలిని లోపలి నుంచి గాలి తోస్తే అది కంప్రెషన్ స్ట్రోకు. అప్పుడు పొడుగు ప్లాస్టిక్ స్ట్రా గానీ సన్నని చెక్క పుల్ల గానీ కన్నంలో పెట్టి మెల్లగా తిప్పండి. పుల్ల పైకి వచ్చి వచ్చి ఒక దగ్గర నిలబడుతుంది. అదే టీడీసీ (టాప్ డెడ్ సెంటర్), పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు. స్క్రూడ్రైవర్ పెట్టవద్దు, కన్నం ఏటవాలుగా ఉంటే మధ్యలో ఇరుక్కుని పిస్టన్‌ని గీరుతుంది.

చిక్కేమిటంటే పైకి చేరాక పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది. పుల్ల చెప్పేది ఉజ్జాయింపే. కచ్చితంగా కావాలంటే పాత ప్లగ్గు ఒకటి తీసుకుని, పింగాణీ పగలగొట్టి, లేత్ దగ్గర మధ్యలో గుండ్రటి మొన ఉన్న బోల్టు పెట్టించుకోండి. ఆటోనగర్‌లో ఏ లేత్ మీదైనా పది నిమిషాల పని. పిస్టన్ కిందికి దిగి ఉన్నప్పుడు దాన్ని కన్నంలో బిగించి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా ఆగేదాకా తిప్పండి. పుల్లీ మీద సుద్దగీత పెట్టండి. ఎదురు దిక్కులో ఆగేదాకా తిప్పి ఇంకొక గీత పెట్టండి. రెండు గీతలకు సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టీడీసీ. బెల్ట్ సరైన చోట ఉన్న ఇంజన్ మీదే ఈ పని చేయాలి, బెల్ట్ తెగిన దాని మీద కాదు.

కంప్రెషన్ టీడీసీయా, ఎగ్జాస్టు టీడీసీయా అన్న అనుమానం ఇంకా ఉంటే ఆయిల్ మూత తీసి చూడండి. ఒకటో సిలిండర్ క్యామ్ లోబులు (వాల్వులను నొక్కే ఉబ్బులు) వాల్వులను నొక్కకూడదు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో అదే సమయంలో నాలుగో సిలిండర్ వాల్వులు ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటాయి.

గీతలు కలపడం

క్రాంక్ గుర్తు ప్రతి చుట్టుకీ ఒకసారి వస్తుంది, క్యామ్ గుర్తు రెండు చుట్లకొకసారి. క్రాంక్ గుర్తు కలిసి, క్యామ్ గుర్తు సరిగ్గా ఎదురు వైపు కనబడితే కంగారు పడకండి. క్రాంక్‌ని ఇంకొక చుట్టు తిప్పండి, వస్తుంది. కొన్ని ఇంజన్లలో గుర్తులన్నీ కలిసినప్పుడు కంప్రెషన్లో ఉండేది ఒకటో సిలిండర్ కాదు, నాలుగోది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉన్న బండిలో, దాని లోపల తిరిగే రోటర్ వేరే వైపు చూస్తోందని దాన్ని పీకి తిప్పేయకండి, మాన్యువల్ చూడండి.

గుర్తు దగ్గరికి వచ్చేటప్పుడు పానాను ఇంచీలు కాదు, మిల్లీమీటర్లు కదపాలి. దాటిపోయిందా? గుర్తు దాకా మాత్రమే వెనక్కి తిప్పి ఆపవద్దు. బెల్ట్ వదులు తప్పు వైపుకు చేరి క్యామ్ మోసం చేస్తుంది. పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి. బెల్ట్ బిగువుగా ఉన్నప్పుడే ఈ మాట. లూజుగా ఉందని అనుమానం వస్తే వెనక్కి అసలు తిప్పవద్దు, ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ పట్టుకోండి.

గుర్తులకు తెల్ల వైట్‌నర్ పెట్టండి, సన్నగా. బ్రష్‌తో లావుగా పూస్తే ఆ లావులోనే సగం పన్ను పోతుంది. కన్ను పుల్లీ మధ్య బోల్టు ఎత్తుకు తెచ్చి చూడండి. తల అక్కడ దూరకపోతే ఫోన్ దూర్చండి. కెమెరాను బోల్టు ఎదురుగా నిటారుగా పట్టుకుని ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఏటవాలు చూపు తప్పుతుంది. నా శాంత్రో రోజుల్లో ఈ సుఖం లేదు.

బెల్ట్ తీసి, వేయడం

గుర్తులన్నీ కలిసిన స్థితిలో పాత బెల్ట్ మీద, పుల్లీల మీద మీ సొంత గీతలు పెట్టండి. క్రాంక్ గీత నుంచి క్యామ్ గీత దాకా పళ్లు లెక్కపెట్టి గోడ మీద రాసుకోండి. కొత్త బెల్ట్‌ని పాతదాని పక్కన పెట్టి మొత్తం పళ్లు, వెడల్పు, పంటి ఆకారం సరిపోయాయో లేదో చూడండి. పార్ట్ నంబరు ఒకటే అయినా లెక్కపెట్టడం నాకు అలవాటు.

టెన్షనర్ (బెల్ట్ బిగువు పట్టే పుల్లీ) వదులు చేసి బెల్ట్ తీశాక క్రాంక్‌ని గానీ క్యామ్‌ని గానీ తిప్పకూడదు. వాల్వు స్ప్రింగుల బలానికి క్యామ్ తనంతట తనే టక్కున జరగవచ్చు. ఒకటి రెండు పళ్లు జరిగితే పానాతో తిరిగి గుర్తుకు తెచ్చుకోవచ్చు, కానీ మొరటుగా కాదు.

ఈ ఖాళీలోనే టెన్షనర్ బేరింగు, ఐడ్లర్ పుల్లీ, క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు చూడండి. వాటర్ పంపు ఈ కవరు వెనకే ఉంటే దాన్నీ ఇప్పుడే మార్చాలి. బెల్ట్ తనంతట తను తెగడం కంటే కారిన ఆయిల్ తాగో, బేరింగు పట్టేసో తెగడం ఎక్కువ.

కొత్త బెల్ట్‌ని మడవకండి, తిప్పి మెలిపెట్టకండి, ఆయిల్ చేతులతో ముట్టకండి. బాణం ఉంటే అది తిరిగే దిక్కు చూపాలి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బెల్ట్‌ని బిగువుగా లాగి క్యామ్ మీద ఎక్కించండి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. ఎక్కించేటప్పుడు క్యామ్ అరపన్ను ముందుకు జరగడం మామూలే, బిగువు పడగానే సర్దుకోవాలి. స్ప్రింగు టెన్షనర్ అయితే వదిలి, క్రాంక్ రెండు చుట్లు తిప్పాక బోల్టు బిగించే పద్ధతి చాలా ఇంజన్లకు ఉంది. మీ ఇంజన్‌కి చెప్పిన వరసే వరస.

చైన్ బండిలో రంగు లింకులు పుల్లీల గుర్తులతో కలవాలి. అది బిగించేటప్పుడు మాత్రమే. తర్వాత ఇంజన్ తిప్పితే ఆ రంగు లింకులు మళ్లీ అదే చోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది. అది చూసి టైమింగ్ తప్పిందని మళ్లీ విప్పినవాళ్లున్నారు. తిప్పాక చూడాల్సింది పుల్లీల మీది గుర్తులే.

రెండు చుట్లు

కవర్లు వేయకముందు, ప్లగ్గులు లేకుండా, చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం వేయకండి. అది వాల్వు పిస్టన్‌కి తగిలిన దెబ్బ. చేత్తో మెల్లగా తగిలితే ఏమీ కాదు, సెల్ఫ్ కొట్టి ఉంటే వంగేది. వెనక్కి తిప్పి, బెల్ట్ తీసి మొదటి నుంచి చూసుకోండి.

రెండు చుట్ల తర్వాత అన్ని గుర్తులూ మళ్లీ కలవాలి. నేను నాలుగు చుట్లు తిప్పుతాను, మా మేస్త్రి ఆరు తిప్పేవారు.

గుర్తు పూర్తిగా ఒక పన్ను తేడాలో ఉంటే బెల్ట్ తప్పు పడింది. అరపన్ను తేడా ఉంటే? బెల్ట్‌ని అరపన్ను జరపలేం కదా. అప్పుడు టెన్షనర్ వదులుగా ఉందేమో, చూపు ఏటవాలేమో, క్రాంక్ కీ అరిగి చక్రం ఆడుతోందేమో చూడండి. హెడ్డు లోగడ గ్రైండింగ్ చేయించి ఉంటే క్యామ్ కాస్త కిందికి దిగి గుర్తు కొద్దిగా పక్కకు కనబడుతుంది.

బెల్ట్ తెగి వచ్చిన బండి

కాజా టోల్‌గేట్ దగ్గర ఆగిపోయి తాడు కట్టించుకుని వచ్చే బళ్లు ఇవి. ఇక్కడ క్రాంక్, క్యామ్ దేని దారి దానిదే కాబట్టి ఏది తిప్పినా ప్రమాదమే. నాలుగు సిలిండర్ల ఇంజన్లో క్రాంక్‌ని టీడీసీ నుంచి పావు చుట్టు వెనక్కి పెడితే పిస్టన్లన్నీ సిలిండర్ మధ్యలో ఉంటాయి. అప్పుడు క్యామ్‌ని మెల్లగా గుర్తుకు తెచ్చి, తర్వాత క్రాంక్‌ని వచ్చిన దారినే టీడీసీకి తేవాలి. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల ఇంజన్లో ఈ పావు చుట్టు లెక్క పనికిరాదు. పావు చుట్టు దగ్గర ఒక పిస్టన్ టీడీసీకి 30 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. అక్కడ ఆరో వంతు చుట్టు, అంటే 60 డిగ్రీలు, తిప్పాలి.

బెల్ట్ వేసి రెండు చుట్లు తిప్పాక కవర్లు బిగించకుండానే కంప్రెషన్ గేజు పెట్టి చూడండి. ఒక సిలిండర్లో ముల్లు లేవకపోతే వాల్వు వంగినట్టే లెక్క, హెడ్డు దించక తప్పదు.

స్టార్ట్ చేశాక

క్రాంక్ బోల్టు టార్కు రెంచితో బిగించి, అన్నీ ఎక్కించి, టూల్స్ లెక్క చూసుకుని తాళం తిప్పండి. ఈల లాంటి మోత వస్తే బెల్ట్ బిగుతు ఎక్కువైంది, కవరుకు తగులుతున్న చప్పుడైతే వదులు. కంప్యూటర్ ఉన్న బండిలో చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0016 కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ చెప్పే లెక్కలు కలవడం లేదని. సెన్సర్ కొనే ముందు కవరు విప్పి గుర్తులు చూడండి. డిస్ట్రిబ్యూటర్ బండి అయితే టైమింగ్ లైటు పెట్టి, మాన్యువల్లో చెప్పిన ఐడిల్‌లో గాటు ఏ డిగ్రీ దగ్గర ఆగి కనబడుతోందో చూసి సరిచేసుకోవాలి.

చివరగా తేదీ, కిలోమీటర్లు టైమింగ్ కవరు మీద రాసి పెట్టండి. వచ్చేసారి విప్పేది మీరే కానక్కర్లేదు. మా షెడ్డులో వైట్‌నర్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కాబట్టి దానితోనే రాసేస్తాం.